కొత్త ఇంటి ముందు లాన్: గడ్డి కొనకముందు చేయాల్సిన మట్టి పని

మా ఇల్లు హైదరాబాద్ శివార్లలో, తుర్కయాంజాల్ వైపు. గృహప్రవేశం మాఘమాసంలో పెట్టుకున్నాం. ముహూర్తం పది రోజులు ఉందనగా ఇంటి ముందు స్థలం చూసేసరికి టెన్షన్ మొదలైంది. సెంట్రింగ్ చెక్కలు, పగిలిన టైల్స్, ఓ మూల సగం గట్టిపడిన సిమెంటు బస్తా. చుట్టాలొచ్చేసరికి పచ్చగా కనిపించాలని మేస్త్రీని అడిగితే, "దాందేముంది సార్, నాలుగు ట్రాక్టర్లు ఎర్రమట్టి కొట్టిస్తే అన్నీ కిందికి పోతయి" అన్నాడు. అన్నట్టే అన్నీ కిందికి పోయాయి. పైన గడ్డి కార్పెట్ పరిచారు. ఫొటోలు బాగా వచ్చాయి.

ఏప్రిల్‌కల్లా గడ్డిలో పళ్లెమంత పసుపు మచ్చలు లేచాయి. పొద్దున, సాయంత్రం నీళ్లు పట్టాం. మచ్చలు చాటంత అయ్యాయి. మే నెలలో ఒక అంచు పట్టుకుని లాగితే గడ్డి మొత్తం చాపలా లేచి వచ్చేసింది. రెండు ఇంచుల కింద ఒక్క వేరు లేదు. అడ్డా మీది నుంచి ఇద్దరు కూలీలను పిలిపిస్తే, అందులో పెద్దావిడ ఆ మచ్చ మీద గడ్డపార వేసింది. ఠంగుమంది. ఆవిడ వంగి ఓ పెళ్ల తీసి, వేళ్లతో నలపబోయి, నలగక నా చేతిలో పెట్టింది. "ఇది మన్ను కాదు బిడ్డా, మాలు."

ఎనిమిది నెలల పాటు మేస్త్రీలు సిమెంటు, ఇసుక కలిపిన చోటది. మూడు ఇంచుల మందాన, పెద్ద దోసె పోసినట్టు పరుచుకుని ఉంది. దాని మీద నేను డబ్బు పెట్టి గడ్డి పరిచాను.

రెండోసారి చేసిన పని, ఆ తర్వాత శంకర్‌పల్లిలో మా తమ్ముడి ఇంటి దగ్గర నల్లరేగడి మీద చేసిన పని, రెండూ కలిపి ఇక్కడ వరసగా రాస్తున్నాను. లెక్కలకు 20 అడుగులు, 30 అడుగుల స్థలం తీసుకుంటున్నాను. అంటే 600 చదరపు అడుగులు, దాదాపు 67 గజాలు. మీ స్థలాన్ని బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి. ఒక్క షరతు: ఆ స్థలానికి రోజూ కనీసం ఐదారు గంటల ఎండ తగలాలి. చుట్టూ నాలుగంతస్తుల గోడలుంటే మట్టి ఎంత బాగు చేసినా లాన్ నిలవదు. అక్కడ మొక్కలు పెట్టుకోవడమే మేలు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

తవ్వడం, ఏరడం ఏప్రిల్, మే నెలల్లో. మట్టి పోయడం, చదును చేయడం మే చివరికల్లా. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆ తర్వాత పడే మొదటి రెండు మూడు వానలను మట్టి కుంగడానికి వదిలేయాలి. కుంగినచోట నింపి, కలుపు తీసి, జులైలోనో ఆగస్టులోనో గడ్డి వేస్తే దసరాకల్లా దాని మీద చాప వేసుకుని కూర్చోవచ్చు.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఎండలో గడ్డి పరిస్తే నీళ్ల బిల్లు మిగులుతుంది, గడ్డి మిగలదు. డిసెంబరు, జనవరి కూడా వద్దు. మన దగ్గర వేసే గడ్డి రకాలన్నీ వేడికి పెరిగేవే, చలికి వేరు పట్టవు. జులై, ఆగస్టు దాటిపోయి, మళ్లీ వానాకాలం దాకా ఆగలేమనుకుంటే రెండో అవకాశం సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో ఉంటుంది.

నేల కింద ఏమేం ఉన్నాయో గుర్తు పెట్టుకోండి

పార పట్టుకునే ముందు ప్లంబర్‌నీ, ఎలక్ట్రీషియన్‌నీ ఒకసారి పిలిచి, పైపులు, కేబుళ్లు ఎటు పోయాయో సున్నంతో గీతలు గీయించండి. బోరు కేసింగ్, సంపు, డ్రైనేజీ చాంబర్లు, ఇంకుడు గుంత, ఎర్తింగ్ పిట్ ఎక్కడున్నాయో ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. మా ఇంట్లో ఒక చాంబర్ మూత మట్టి కింద పోయింది. ఏడాది తర్వాత డ్రైనేజీ జామ్ అయినప్పుడు దాని కోసం మూడుచోట్ల తవ్వాల్సి వచ్చింది.

సంపు మూత చుట్టూ గట్టు లాన్ మట్టం కంటే కనీసం నాలుగు ఇంచులు పైకి ఉండాలి. లేకపోతే పెద్ద వానకు ఎరువు నీళ్లన్నీ మంచినీళ్లలోకి దిగుతాయి. ఎర్తింగ్ పిట్‌లో ఉప్పు, బొగ్గు వేస్తారు కాబట్టి దాని చుట్టూ అడుగు మేర గడ్డి ఆశ వదులుకోండి. అక్కడ గులకరాళ్లు పరిచేస్తే సరి. ఇంటి గోడ పక్కన అడుగు, అడుగున్నర వెడల్పు కూడా తవ్వకండి. పునాది చుట్టూ చెదల మందు కొట్టించి ఉంటే ఆ మట్టి కదిలితే మందు వృథా. పైగా అక్కడ ఎలాగూ ప్లింత్ ప్రొటెక్షన్ (గోడ చుట్టూ కాంక్రీటు పట్టీ) వేయించుకోవడం మంచిది.

మూడు గుంతలు, ఒక సీసా

ఇప్పుడు అసలు మట్టిని చూడాలి. వేర్వేరు చోట్ల అడుగు లోతు, అడుగు వెడల్పుతో మూడు గుంతలు తీయండి. ఒకటి గేటు దగ్గర, లారీలు తిరిగిన దారిలో. ఒకటి మాలు కలిపారనుకునే చోట. మూడోది ఎవరూ పెద్దగా తొక్కని మూలన.

గుంత పక్క గోడ చూస్తే కథంతా తెలుస్తుంది. మా గుంతలో పైన రెండు ఇంచులు కొన్న ఎర్రమట్టి, కింద మూడు ఇంచుల మాలు, దాని కింద అరడుగు మొరం (సగం చివికిన రాయి), ఆ తర్వాత ఎప్పటిదో అసలు చల్కా (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర) నేల. ఆ చివరి పొరలో ఒక వానపాము కూడా కనిపించింది. పై మూడు పొరల్లో ప్రాణమున్నది ఏదీ లేదు.

గుంతల నిండా నీళ్లు పోయండి. పూర్తిగా ఇంకాక మళ్లీ నింపి, ఒక పుల్లకు గీతలు పెట్టి గంటకు ఎంత దిగుతోందో చూడండి. గంటకు ఒక ఇంచు, అంతకంటే ఎక్కువ దిగితే ఇబ్బంది లేదు. అంతకంటే తక్కువైతే కింద నేల బిగుసుకుంది. మర్నాటి పొద్దుటికి కూడా నీళ్లు నిలిచి ఉంటే, దాని సంగతి తేలేవరకు ఒక్క తట్ట మట్టి కూడా కొనకండి.

సీసా పరీక్ష పిల్లలకు ఇష్టం, వాళ్లకే అప్పజెప్పండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, పైదాకా నీళ్లు, చిటికెడు సర్ఫు వేసి ఐదు నిమిషాలు బాగా గిలక్కొట్టి కదలకుండా పెట్టాలి. ఒక నిమిషంలో అడుగున చేరేది ఇసుక. రెండు గంటల్లో దాని మీద చేరేది ఒండ్రు. మర్నాటికి పైన మెత్తటి పొరగా దిగేది బంక. లాన్‌కి సగానికి పైగా ఇసుక, ఐదో వంతుకు మించని బంక ఉన్న మట్టి హాయిగా ఉంటుంది.

హైదరాబాద్‌లో ఒకే రకం నేల ఉండదు. గ్రానైట్ రాయి చివికి ఏర్పడిన ఎర్ర చల్కా నేలలు ఎక్కువ. పడమటి వైపు శంకర్‌పల్లి, చేవెళ్ల పోయేకొద్దీ నల్లరేగడి కనిపిస్తుంది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఆవరణలో అయితే ఎర్రనేల, నల్లనేల రెండూ ఉన్నాయి. కాబట్టి పక్క కాలనీలో ఉన్న స్నేహితుడి సలహా మీ ఇంటికి పనికి రాకపోవచ్చు.

ఇంకో చిన్న పరీక్ష. గుంతలోంచి తీసిన పెళ్ల మీద నిమ్మరసం గానీ వెనిగర్ గానీ చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉంది. ఎర్రనేలలో నురగ వస్తే అది దాదాపు సిమెంటు పనే. నల్లరేగడిలో మాత్రం సహజంగానే సున్నపు గడ్డలు ఉంటాయి, అక్కడ నురగ చూసి మేస్త్రీని తిట్టకండి. ఈ పరీక్షకు బాత్రూమ్ కడిగే యాసిడ్ వాడమని కొందరు చెబుతారు. వాడొద్దు.

భూసార పరీక్ష కూడా చేయించుకుంటే మంచిది. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, వ్యవసాయ శాఖ ల్యాబులూ ఉన్నాయి. చెత్త ఏరేశాక, ఎరువు వేయకముందు, ఐదారు చోట్ల ఆరు ఇంచుల లోతు వరకు మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి అరకిలో ఇవ్వాలి. సిమెంటు మచ్చల మట్టిని అందులో కలపకండి, అనుమానం ఉంటే దాన్ని విడిగా ఇవ్వండి. రిపోర్టులో ముఖ్యంగా చూడాల్సింది పీహెచ్ (మట్టి ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె), లవణాలు. పీహెచ్ ఆరున్నరకీ ఏడున్నరకీ మధ్య ఉంటే మారు మాట్లాడకుండా ముందుకు పోవచ్చు.

పోయడం కాదు, ముందు తీయడం

ఈ పని గురించి ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇందులో అమ్మడానికి ఏమీ లేదు. మట్టివాడు మట్టి అమ్ముతాడు, నర్సరీవాడు గడ్డి అమ్ముతాడు. చెత్త ఏరడం మాత్రం కూలిపనే. నా ఖర్చులో సగం ఇక్కడే పెట్టాను. మళ్లీ కడితే మళ్లీ ఇక్కడే పెడతాను.

మొదట మాలు పొర. గడ్డపారతో పగలగొట్టి, పెళ్లలుగా ఎత్తి బయట పడేయాలి. దాన్ని పొడి చేసి మట్టిలో కలిపేద్దామంటారు. అలా కలిపితే సున్నం తోటంతా పరుచుకుని పీహెచ్ పెరుగుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా గడ్డి అందుకోలేదు. ఆకు పసుపు పచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నీళ్లు చాలలేదేమో అనుకుని మనం ఇంకా నీళ్లు పడుతుంటాం.

రెండోది, చాలామంది గమనించనిది, గ్రానైట్, మార్బుల్ పాలిషింగ్ పాలు. ఫ్లోరింగ్ రుద్దినప్పుడు వచ్చే ఆ తెల్లటి నీళ్లను బకెట్లకొద్దీ ఇంటి ముందే పోస్తారు. ఎండాక అది పాల మీద మీగడలా పలచగా కనిపిస్తుంది. కానీ మట్టి రంధ్రాలన్నీ మూసేసి నీళ్లు దిగనివ్వదు. పలుచటి పారతో గీకి, కింద రెండు ఇంచుల మట్టితో సహా తీసేయండి. వాల్ పుట్టీ, పీవోపీ, పెయింటు, థిన్నర్, వాటర్‌ప్రూఫింగ్ మందు ఒలికిన చోట్ల కూడా అంతే. వాసన ఎంత లోతు వరకు వస్తే అంత లోతు తీయాలి.

మూడోది ఇనుము, గాజు. సెంట్రింగ్ మేకులు, బైండింగ్ వైరు ముక్కలు ఎంత ఏరినా మిగిలే ఉంటాయి. పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి తాడుకు కట్టి, నేలకు ఆనించి అటూ ఇటూ లాగండి. మా 67 గజాల్లో సగం బకెట్ మేకులు వచ్చాయి. రేపు ఆ గడ్డి మీద పసివాళ్లు ఒట్టి కాళ్లతో తిరుగుతారు.

తర్వాత పైనున్న ఆరు ఇంచుల మట్టిని తవ్వి జల్లెడ పట్టాలి. కొత్త జల్లెడ కొనక్కర్లేదు. ఇసుక జల్లించడానికి మేస్త్రీలు వాలుగా నిలబెట్టే పెద్ద జల్లెడే తీసుకోండి. కాకపోతే అరంగుళం కన్నాలున్నది కావాలి, సన్నది అయితే మట్టి దిగదు. గోలీకాయంత రాళ్లు మిగిలినా నష్టం లేదు. కోడిగుడ్డు కంటే పెద్దవి మాత్రం ఉండొద్దు.

తీసిన చెత్తను పక్క ఖాళీ ప్లాటులోకి తోసేయడం మన ఊళ్లో అలవాటు. చెరువులో, నాలాలో పోస్తే జరిమానా కూడా పడుతుంది. కట్టడాల వ్యర్థాలను రీసైకిల్ చేసే ప్లాంట్లు జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ఉన్నాయి. మీ మున్సిపల్ కార్పొరేషన్ ద్వారా బండి మాట్లాడుకోవచ్చు.

బిగుసుకున్న నేలను వదులు చేయడం

ఇల్లు కడుతున్నన్నాళ్లూ జేసీబీ, ఇసుక లారీలు, రెడీమిక్స్ బండ్లు తిరిగిన నేల అది. దాని మీద ఎంత మంచి మట్టి పోసినా, నీళ్లు పై మట్టిలోంచి దిగి ఆ బిగుసు పొర దగ్గర ఆగిపోతాయి. వేళ్లు అక్కడే కుళ్లుతాయి. అందుకే కొత్త మట్టి పోయకముందే కింద ఉన్న నేలను ఇంకో ఆరు ఇంచులు కదిలించాలి. చిన్న స్థలానికి గడ్డపార చాలు. వంద గజాలు దాటితే పవర్ వీడర్ (చేత్తో నడిపే చిన్న దున్నే యంత్రం) అద్దెకు తెచ్చుకోండి. అయితే అది నాలుగైదు ఇంచుల కంటే లోతుకు పోదు కాబట్టి బాగా బిగుసుకున్న చోట్ల ముందు గడ్డపారతోనే పెకలించాలి. జేసీబీతో చేయిస్తే, డ్రైవర్‌ను గేటు వైపు నుంచి మొదలుపెట్టనివ్వకండి. లోపలి మూల నుంచి తవ్వుకుంటూ వెనక్కి రావాలి. లేకపోతే తవ్వినదాన్ని మళ్లీ తనే తొక్కుకుంటూ పోతాడు.

ఏ రోజు తవ్వాలో రైతులకు తెలుసు. దాన్ని పదును అంటారు. పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. పడి విచ్చిపోతే పదునులో ఉన్నట్టు. అప్పచ్చిలా అతుక్కుంటే తడి ఎక్కువ, ఇంకో రెండు రోజులు ఆగాలి. అసలు ముద్దే కట్టకపోతే ముందు రోజు సాయంత్రం నీళ్లు పట్టాలి. నల్లరేగడిలో ఈ తేడా ప్రాణం లాంటిది. మా తమ్ముడు తొందరపడి తడి మీద దున్నించాడు. ఆ గడ్డలు ఎండి ఇటుకల్లా అయ్యాయి, వాటిని మళ్లీ పగలగొట్టడానికి ఇంకో రెండు రోజుల కూలీ.

నల్లరేగడి మీద ఇల్లుంటే ఇంకో మాట. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. గోడకు ఆనుకుని లాన్ వేసి రోజూ నీళ్లు పడితే పునాది కింద కూడా అదే జరుగుతుంది. గోడ నుంచి కనీసం మూడడుగులు రాయి గానీ కాంక్రీటు గానీ వేసి, ఆ తర్వాతే గడ్డి మొదలుపెట్టండి. నీళ్లు నిలిచే స్థలమైతే పల్లం వైపు అడుగున్నర లోతు కాలువ తీసి, కంకర పోసి, మధ్యలో కన్నాల పైపు పెట్టి, నీటిని ఇంకుడు గుంతకు మళ్లించాలి. 2020 అక్టోబరు వానలు చూసినవాళ్లకు ఈ కాలువ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

వాలు

లాన్ బల్లపరుపుగా ఉండాలనుకుంటాం. కంటికి అలా కనబడాలి అంతే. ఇంటి నుంచి బయటికి ప్రతి పది అడుగులకు ఒకటిన్నర నుంచి రెండున్నర ఇంచుల దిగుడు ఉండాలి. కంటితో అంచనా వేయకండి, కన్ను మోసం చేస్తుంది. మేస్త్రీల దగ్గర నీళ్లు నింపిన సన్నటి లెవెల్ పైపు ఉంటుంది. దాన్ని పట్టి, నాలుగు మూలలా, మధ్యలో మేకులు కొట్టి, మట్టం ఎక్కడికి రావాలో గుర్తు పెట్టి, దారం లాగండి. ఈ వాలు కింది నేలకే ఇవ్వాలి. కింద గుంతలుగా ఉంచి పై మట్టితో మాత్రమే వాలు తెస్తే కింద నీళ్లు నిలుస్తాయి.

ఎత్తు కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. పూర్తయిన మట్టం ఇంటి ప్లింత్ (గోడలు మొదలయ్యే పునాది మట్టం) కంటే కనీసం ఆరు ఇంచులు కిందికి ఉండాలి. నడక దారి రాళ్ల అంచు కంటే ఇంచు తక్కువ ఉంటే, గడ్డి కార్పెట్ మందంతో సరిగ్గా సమానమవుతుంది.

ఎర్రమట్టి కొనేటప్పుడు

మన ఊళ్లో "ఎర్రమట్టి" అని ఫోన్ చేస్తే వచ్చేది మూడు రకాలు. ఒకటి నిజంగా పొలం పై మట్టి. రెండోది మొరం. అంటే ఇంకా పూర్తిగా చివకని రాయి. చూడ్డానికి ఎర్రగానే ఉంటుంది, గుప్పిట్లో పిసికితే గరగరలాడుతుంది, ఎండితే రోడ్డవుతుంది. మూడోది, ఈ మధ్య బాగా ఎక్కువైనది, సెల్లార్ మట్టి. ఎక్కడో అపార్ట్‌మెంటుకు ఇరవై, ముప్పై అడుగులు తవ్విన మన్ను. రంగు బాగుంటుంది, రాళ్లూ ఉండవు. కానీ అంత లోతు నుంచి వచ్చిన మట్టిలో సేంద్రియ పదార్థం ఏమీ ఉండదు. అది వాడకూడదని కాదు గానీ, ఎరువు రెట్టింపు వేయాల్సి వస్తుంది. ధర మాత్రం పొలం మట్టి ధరే చెబుతారు.

అందుకే లోడు దించకముందే ట్రాలీ ఎక్కి, మధ్యలో మోచేతి లోతు నుంచి ఒక గుప్పెడు తీసి చూడండి. తడిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పట్టీలా సాగదీయండి. ఒకటి, ఒకటిన్నర ఇంచు సాగి తెగిపోతే మంచి మట్టి. అసలు సాగకపోతే ఇసుక, మొరం ఎక్కువ. రెండు ఇంచులు దాటి సాగితే బంక ఎక్కువ. నల్లగా గోలీల్లాంటి దుంపలు, దారాల్లాంటి సన్నని వేళ్లు కనిపిస్తే అది తుంగ. ఆ లోడు వెనక్కి పంపేయండి. డ్రైవర్ అలిగినా ఫరవాలేదు.

లెక్క ఇలా. 600 చదరపు అడుగులకు ఆరు ఇంచులు అంటే 300 ఘనపుటడుగులు. కుంగేది కలుపుకుని 350 అనుకోండి. ట్రాలీ సైజు బండికో రకం, కాబట్టి టేపు పెట్టి కొలవండి. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే 90 ఘనపుటడుగులు. నాలుగు లోడ్లు సరిపోతాయి. కింద అసలు చల్కా నేల బాగానే ఉండి, ఏరాక తగినంత మిగిలితే, రెండు లోడ్లతో కూడా గడిచిపోతుంది.

చెరువు మట్టి వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. ఎర్ర చల్కా నేలకు చెరువు ఒండ్రు తోలడం మన రైతుల పాత పద్ధతే, 2015లో మొదలైన మిషన్ కాకతీయలో కూడా పూడిక మట్టిని పొలాలకు తోలారు. చల్కా నేల నీటిని పట్టుకోదు, ఒండ్రులోని బంక ఆ లోటు తీరుస్తుంది. నాలుగు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు చాలు. కానీ అది ఊరి చెరువు మట్టి అయితేనే. సిటీలో మురుగు కలిసే చెరువుల మట్టి ఇంటికి తేవద్దు. నల్లరేగడి ఉన్నవాళ్లకు చెరువు మట్టి అసలే అక్కర్లేదు, వాళ్ల దగ్గర బంక ఇప్పటికే ఎక్కువ. అలాగని నల్లరేగడిలో నాలుగు తట్టల ఇసుక కలిపితే వదులవుతుందనుకోకండి, ఇంకా గట్టిపడుతుంది. దానికి మందు పశువుల ఎరువే.

కొత్త మట్టిని ఒకేసారి ఆరు ఇంచులు పోయకూడదు. ముందు రెండు ఇంచులు పోసి, కింద వదులు చేసిన నేలతో కలిపి తిప్పండి. ఆ తర్వాత మిగతాది. రెండు మట్టుల మధ్య గీత గీసినట్టు పొర ఉంటే వేళ్లు, నీళ్లు రెండూ అక్కడే ఆగుతాయి.

ఎరువు

బాగా మాగిన పశువుల ఎరువు చదరపు మీటరుకు ఐదు కిలోలు. మన 67 గజాలకు 280 కిలోల దాకా పడుతుంది. తబేలాల దగ్గర దొరుకుతుంది, కానీ వాళ్లు నిన్నటి పేడను కూడా పాత ఎరువేనని ఇస్తారు. చెయ్యి లోపలికి పెట్టి చూడండి. వేడిగా ఉన్నా, పేడ వాసన వచ్చినా అది మాగలేదు. మాగనిదాంట్లో కలుపు గింజలతో పాటు వేరుపురుగులు కూడా వస్తాయి. తెల్లగా, లావుగా, సున్నా చుట్టుకుని పడుకునే పురుగులు అవే. నల్లగా, పొడిపొడిగా, వాన తడిసిన మట్టి వాసన వచ్చేది తీసుకోండి. దొరక్కపోతే వర్మీకంపోస్టు, అందులో సగం సరిపోతుంది.

దానితో పాటు వేపపిండి ఏడెనిమిది కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రెండున్నర నుంచి మూడు కిలోలు చల్లి పై నాలుగు ఇంచుల్లో కలపాలి. యూరియా ఇప్పుడు వద్దు, వేళ్లే లేని నేలలో అది నీళ్లతో పోతుంది. జిప్సం సంగతి రిపోర్టు చూశాకే. మట్టిలో సోడియం ఎక్కువుంటే అది పనిచేస్తుంది, సిమెంటు సున్నానికి మాత్రం జిప్సం జవాబు కాదు. పీహెచ్ ఎనిమిది దాటితే వ్యవసాయ మందుల షాపులో దొరికే గంధకం కొద్దిగా కలపవచ్చు, అయితే ఫలితానికి నెలలు పడుతుంది. గడ్డి వేశాక పసుపు రంగు కనిపిస్తే లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే వారంలో తేడా తెలుస్తుంది. టైల్స్ మీద పడకుండా చూసుకోండి, తుప్పు మరకలు పోవు.

తుంగతో యుద్ధం

మట్టి, ఎరువు పడ్డాక గడ్డి పరిచేయాలని చేతులు లాగుతాయి. ఆగండి. బాగా తడిపి పది, పదిహేను రోజులు వదిలేయండి. కలుపు అంతా మొలుస్తుంది. వయ్యారిభామ, గలిజేరు లాంటివి చేత్తో పీకితే పోతాయి. పీకేటప్పుడు మట్టిని లోతుగా తిప్పకండి, కింది గింజలు పైకొస్తాయి. మళ్లీ తడపండి, మళ్లీ పీకండి. ఇలా రెండు విడతలు.

తుంగ వేరే జాతి. పైన పీకితే చేతికి ఆకే వస్తుంది, దుంప లోపలే ఉంటుంది. పైగా ఒక దుంపకు ఇంకో దుంప దారంలాంటి వేరుతో గొలుసులా అంటుకుని ఉంటుంది. చిన్న పారతో పక్క నుంచి ఆరు నుంచి ఎనిమిది ఇంచులు దింపి, మట్టితో సహా లేపి, దుంపలు ఏరాలి. మొలిచిన మూడు వారాల్లోపే తీసేయాలి, ఆలస్యమైతే కొత్త దుంపలు కడతాయి. పాలిథిన్ పట్టా కప్పితే చస్తుందంటారు. ఏప్రిల్, మేలో తడి నేల మీద పారదర్శకమైన పట్టా నాలుగు నుంచి ఆరు వారాలు కప్పి, అంచులు మట్టితో మూస్తే మామూలు కలుపు గింజలు, కొన్ని తెగుళ్లు చస్తాయి, అది నిజమే. తుంగ మాత్రం కొన్నిచోట్ల పట్టాను పొడుచుకుని బయటికొచ్చింది, నేను కళ్లారా చూశాను. కలుపు మందుల విషయానికొస్తే, గ్లైఫోసేట్ అనే మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలని 2022లో కేంద్రం ఆంక్ష పెట్టింది. పిల్లలు ఆడే చోట నాకు ఓపికే నయమనిపించింది. రోజూ సాయంత్రం టీ తాగుతూ ఓ అరగంట. నెల రోజుల్లో ఓ కొలిక్కి వచ్చింది, పూర్తిగా పోయిందని మాత్రం అనను.

కుంగనివ్వడం, చివరి చదును

కొత్తగా పోసిన మట్టి వానకు కుంగుతుంది, ముఖ్యంగా పైపుల కాలువలు తీసిన చోట. వాన రాకపోతే పైపు పెట్టి నిదానంగా రెండు మూడుసార్లు నిండా తడపండి. ఆరాక ఇంట్లోవాళ్లందరూ వరసగా నిలబడి, మడమల మీద బరువు వేసి, అడుగులో అడుగేస్తూ నడవండి. ఎక్కడ మెత్తగా దిగితే అక్కడ మట్టి వేయండి. ఎవరైనా ప్లేట్ కంపాక్టర్ (నేలను దిమ్మిస కొట్టే యంత్రం) తెస్తానంటే వద్దనండి, పడిన కష్టమంతా మొదటికొస్తుంది.

తర్వాత ఇనుప రేక్‌తో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా గీయాలి. ఆఖరున ప్లాస్టరింగ్‌కి వాడే పొడుగు బద్ద ఒకటి పట్టుకుని వాలు వెంట లాగితే ఎత్తుపల్లాలు బయటపడతాయి. చెప్పు వేసుకుని నడిస్తే అచ్చు అరంగుళం లోపే దిగాలి. ఎక్కువ దిగితే ఇంకోసారి తడిపి తొక్కండి. అచ్చే పడకపోతే పై ఇంచు మట్టిని రేక్‌తో కదిలించండి.

గడ్డి లోడు వచ్చే ముందు రోజు సాయంత్రం నాలుగు ఇంచుల లోతు వరకు తడిసేలా నీళ్లు పట్టండి, పొద్దుటికి పదునుకు వస్తుంది. కార్పెట్లను ఇటుకలు పేర్చినట్టు, కీళ్లు ఒకే వరసలో రాకుండా పరచాలి. కార్పెట్ల అడుగున నర్సరీ వాళ్ల బంకమట్టి మందంగా అంటుకుని ఉంటే కొంత దులిపేయండి. మన మట్టిలోకి వేరు దిగడానికి అదే అడ్డు.

జల్లించిన మట్టి రెండు మూడు బస్తాలు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా, తడవకుండా మెట్ల కింద దాచి పెట్టుకోండి. మొదటి వానాకాలం అయ్యేసరికి గడ్డి మీద రెండు మూడుచోట్ల గిన్నెల్లా పల్లాలు పడతాయి. ఒక్కోసారి అరంగుళానికి మించకుండా గడ్డి మీదే చల్లి చీపురుతో ఊడిస్తే, గడ్డి దానిలోంచి పైకి వస్తుంది.